ఒకటి తగ్గించడం మరిచిన శనివారం

ఒక మనిషి చేతిలో కాగితం పట్టుకుని, దాని మీద లేని పేరుని ఇంటిపేరుతో సహా తడుముకోకుండా చదవడం నేను కళ్ళారా చూసేను. అప్పుడు మేమిద్దరం కౌంటరుకి చెరోవైపూ నిలబడి ఉన్నాం. నా వెనకాల ఇరవై మంది పిల్లలు వరసలో ఉన్నారు. అది తలుచుకోని రోజు లేదు నాకు.

నేను అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి కిందటేడు రిటైరయ్యేను. నా దగ్గర చదువుకున్నవాళ్ళు చాలామంది సాఫ్ట్‌వేరు ఉద్యోగాల్లో ఉన్నారు. ఏ లాంగ్వేజి గొప్ప, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ చెత్త అని ఫోన్లలో గంటల తరబడి దెబ్బలాడుకుంటారు. ఎటూ తేలకపోతే నాకు ఫోన్ చేసి, “మేడమ్, మీరు తీర్పు చెప్పండి” అంటారు. నేను చెప్పను. ఒకప్పుడు అడక్కుండానే చెప్పేదాన్ని. ఎందుకు మానేసేనో వాళ్ళకి ఎప్పుడూ చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడు చెప్తున్నాను.

మా కాలేజీలో ఇలాంటి దెబ్బలాటలు ముగ్గురి మధ్యే నడిచేవి. నేను ఊరికే దొరికే లైనక్సు మనిషిని. డబ్బిచ్చి కొనుక్కునే సాఫ్ట్‌వేరు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ల్యాబులో ఉన్న కంప్యూటర్లన్నింటిలో విండోస్ తీయించి లైనక్సు ఎక్కించేదాకా నిద్రపోలేదు. రెండో ఆయన మా డిపార్టుమెంటులో కొత్తగా చేరిన కుర్ర లెక్చరరు. ఆయనకి పైథాన్ అనే కంప్యూటరు భాష తప్ప వేరే లోకం లేదు. అందరం ఆయన్ని పైథాన్ మాస్టారనే పిలిచేవాళ్ళం. మూడో ఆయన పరీక్షల విభాగం సూపరింటెండెంటుగారు. కొత్తపేట దగ్గర పల్లె ఆయనది. కొబ్బరితోటలున్న రైతు కుటుంబం. కంప్యూటరు డిగ్రీ ఏదీ లేదు. ఎప్పుడో ఒక ఇన్‌స్టిట్యూటులో ఆర్నెల్లు నేర్చుకుని, ఫాక్స్‌ప్రో అనే పాతకాలం భాషలో తనే ఒక ప్రోగ్రాం రాసుకున్నారు. నల్లటి తెర మీద పసుపు అక్షరాలు, మౌస్ లేదు, బొమ్మల్లేవు. అంతా కీబోర్డు మీదే. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో హాల్ టిక్కెట్లు, మార్కుల జాబితాలు, స్టడీ సర్టిఫికెట్లు అన్నీ దాంట్లోంచే వచ్చేవి.

ఆ ప్రోగ్రాం చప్పుళ్ళు చేసేది. నంబరు కొడితే ఒక కూత, తప్పు నంబరైతే రెండు కూతలు, పాసైనవాడికి సన్నగా, ఫెయిలైనవాడికి బొంగురుగా. వరండాలో పోతుంటే పిచ్చుకల గూడు పక్కనుంచి పోతున్నట్టుండేది. “ఏవండీ, అదేమన్నా కంప్యూటరా, పిల్లలాడుకునే బొమ్మా?” అని నేను ఎన్నిసార్లన్నానో. ఆయన నవ్వి, “అలవాటైపోయిందండీ” అనేవారు.

టీ టైములో మాటలు మొదలయ్యేవి. పైథాన్ మాస్టారు ఆయన్ని కావాలని కదిపేవారు.

“లెక్క సున్నా నుంచి మొదలెట్టాలండీ సూపరింటెండెంటుగారూ. కంప్యూటరుకి సహజమైంది అదే. మా పైథాన్‌లో జాబితాలో మొదటివాడి నంబరు సున్నా.”

“మరి మీ క్లాసులో మొదటి బెంచీని సున్నా బెంచీ అంటారేంటండీ?”

“అది వేరండీ.”

“వేరెలాగవుతుందండీ? సర్టిఫికెట్ తీసుకునేది మనిషి కదండీ. మనిషి ఒకటి నుంచే లెక్కపెడతాడు. ఫాక్స్‌ప్రోకి ఆ సంగతి తెలుసు.”

నేను సున్నా పక్షం. బల్ల గుద్ది మరీ వాదించేదాన్ని. కెమిస్ట్రీ నుంచి వచ్చిన మా ప్రిన్సిపాల్ గారికి ఇందులో ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. అయినా కుర్చీ లాక్కుని కూచుని, కోడిపందెం చూస్తున్నట్టు చూసేవారు. నవ్వుకునేవాళ్ళం. నిజం చెప్పాలంటే నవ్వులో కొంచెం విషం కూడా ఉండేది. నాకు ఆయన ఆ ముసలి ప్రోగ్రాంని వదలకపోవడం మొండితనంలా కనిపించేది. చదువులేని మొండితనం. ఆ మాట ఆయన ముఖాన అనలేదు గానీ, డిపార్టుమెంటులో అన్నాను.

ఒకసారి ప్రిన్సిపాల్ గారు సరదాగా పందెం పెట్టించేరు. ఒకే విద్యార్థి మార్కుల జాబితా, ఆయన పాత పద్ధతిలోనూ, నేను మేం రాస్తున్న కొత్త ప్రోగ్రాంలోనూ తియ్యాలి. నేను మౌస్ పట్టుకుని మెనూ దింపేలోపల ఆయన ప్రింటరు కదలడం మొదలెట్టింది. నాకు దిమ్మతిరిగింది. అంతకంటే ఒళ్ళు మండిన సంగతి ఇంకోటుంది. ఆయన తెరకేసి చూడనే లేదు. మొహం కిటికీ వైపు పెట్టి, వేళ్ళు ఆడిస్తున్నారు. ‘ఎంత పొగరు! చూడక్కర్లేదని నాకు చూపిస్తున్నారా’ అనుకున్నాను.

ఆ తర్వాత ఆయన్ని ఓడించాలన్న పట్టుదల నాకు రెట్టింపైంది. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

కరోనా అయ్యేక కాలేజీలు మళ్ళీ తెరిచినప్పుడు అవకాశం దొరికింది. పాత కంప్యూటరుకి విడిభాగాలు దొరకడం లేదు. ప్రిన్సిపాల్ గారు మీటింగు పెట్టేరు. నేను ప్రొజెక్టరు మీద బొమ్మలేసి చూపించి, ముప్పావు గంట మాట్లాడేను. లైనక్సు మీద పైథాన్‌తో కొత్త ప్రోగ్రాం, రంగురంగుల తెర, ఎవరైనా రెండు రోజుల్లో నేర్చుకోవచ్చు. ఆయన వంతు వచ్చింది. లేచి నిలబడ్డారు. ఒకే ఒక్క మాట అన్నారు.

“ఇందులో చప్పుడు లేదండీ.”

అందరం పగలబడి నవ్వేం. నేనైతే కళ్ళు తుడుచుకున్నాను. ఆయన కూచున్నారు. మీటింగు అయిపోయింది.

గెలిచేను గదా, అక్కడితో ఊరుకోలేదు. పరీక్షల విభాగంలో ఒక అటెండరమ్మ ఉండేది. కాట్రేనికోన వైపు మనిషి, మా చర్చే. ఆవిడ రోజంతా సూపరింటెండెంటుగారి పక్కన నిలబడి నంబర్లు పైకి చదివేది, ప్రింటైన కాగితం చదివి వినిపించేది, ఆ తర్వాతే ఆయన ముద్ర వేసేవారు. పొద్దున బస్టాపు నుంచి ఆయనతో కలిసే నడిచొచ్చేది. సాయంత్రం కలిసే వెళ్ళేది. దాని మీద స్టాఫ్‌రూములో గుసగుసలున్నాయి. నేను వాటిని నమ్మలేదని చెప్పుకోవాలనుంది గానీ, సగం నమ్మేను. “కొత్త పద్ధతిలో ఇద్దరు మనుషులెందుకండీ, ఒకరు చాలు, ఈవిడ్ని లైబ్రరీకి పంపండి” అని ప్రిన్సిపాల్ గారికి నేనే చెప్పేను. పంపించేశారు.

ఇక పాత సమాచారాన్ని కొత్త ప్రోగ్రాంలోకి మార్చే పని. తెరలన్నీ పైథాన్ మాస్టారు రాసేరు. మార్పిడి నేను చేసేను. ఇక్కడ మీకు ఒక్క సంగతి తెలియాలి, అది చాలు. పాత జాబితాలో మొదటి విద్యార్థి స్థానం ఒకటి. కొత్త జాబితాలో మొదటి విద్యార్థి స్థానం సున్నా. అంచేత పాత నంబరుతో కొత్త జాబితాలో వెతికితే, ఒకటి తగ్గించి వెతకాలి. లేకపోతే పక్కవాడి వివరాలు వస్తాయి. ఇప్పుడు చదువుతున్న పిల్లల జాబితాకి ఒకటి తగ్గించేను. పరీక్షించి చూసేను, అంతా సరిగ్గా వచ్చింది. చదువు ముగించుకుని వెళ్ళిపోయినవాళ్ళ జాబితాకి తగ్గించడం మర్చిపోయేను. దాన్ని పరీక్షించనూ లేదు.

“పాత డిస్కు చెరిపెయ్యండి, మళ్ళీ ఆయన వెనక్కి వెళ్ళడానికి దారి లేకుండా” అని పైథాన్ మాస్టారికి పురమాయించేను కూడా.

సూపరింటెండెంటుగారు మూడు రోజులు శిక్షణకి వచ్చేరు. వచ్చి నా పక్కన కూచుని, మౌస్ ముట్టుకోకుండా, ఒక గడి నుంచి ఇంకో గడికి దూకించే ట్యాబ్ మీట మీద వేలు పెట్టి, “దీనికి ట్యాబ్ ఎన్నిసార్లు నొక్కాలండీ? దీనికండీ?” అని అడిగి చిన్నగా పెదాలతో లెక్కపెట్టుకునేవారు. “మౌస్ పట్టుకుంటే చెయ్యి అరిగిపోతుందా ఏంటండీ” అన్నాను. ఆయన నవ్వేరు. ఎప్పటి నవ్వే.

శనివారం కొత్త పద్ధతి మొదలైంది. పదిన్నరకి నా గదిలోకి ఒక అమ్మాయి వచ్చింది. రెండేళ్ళ కిందట మా దగ్గర డిగ్రీ చేసిన పిల్ల. ఉప్పలగుప్తం దగ్గర ఊరు. ఉద్యోగానికి ఎంపికైంది. మధ్యాహ్నం మూడింటికి కాకినాడలో సర్టిఫికెట్లు చూపించాలి. చేతిలో కొత్తగా ముద్రేసిన స్టడీ సర్టిఫికెట్ ఉంది.

“మేడమ్, ఇందులో నా పేరు లేదండీ. ఇది నా క్లాస్‌మేట్ పేరండీ” అంది.

తీసుకుని చూసేను. నిజమే. పేరు, తండ్రి పేరు, అన్నీ వేరే అమ్మాయివి. కింద సూపరింటెండెంటుగారి ముద్ర, సంతకం.

నాకు మొదట కలిగింది కోపం కూడా కాదు, ఒకరకమైన సంతోషం. దొరికేరు అనుకున్నాను. కావాలనే నా ప్రోగ్రాంని చెడగొడుతున్నారు అనుకున్నాను. ఆ పిల్లని వెంటబెట్టుకుని విసురుగా పరీక్షల విభాగానికి వెళ్ళేను. కౌంటరు ముందు వరస గుమ్మం దాకా ఉంది. పక్కనుంచి ముందుకెళ్ళి కాగితం ఆయన చేతిలో పెట్టేను.

“ఏవండీ, ముద్ర వేసేముందు చూసుకోరా? ఇందులో ఎవరి పేరుందో కొంచెం గట్టిగా చదవండి. అందరూ వింటారు.”

“ఇందాక నంబరు చెప్పి తీసుకెళ్ళింది నేనేనండీ సార్” అంది ఆ పిల్ల. ఆయన కాగితం రెండు చేతులతోనూ పట్టుకున్నారు. కళ్ళకి సరిగ్గా ఎంత దూరంలో పట్టుకోవాలో అంత దూరంలో. తల కొద్దిగా వంచి, ఆ పిల్ల పేరు చదివేరు. ఇంటిపేరు, తండ్రి పేరు, గ్రూపు, చదివిన సంవత్సరాలు. ఒక్క తప్పు లేకుండా, అక్కడ ఏముండాలో అదంతా చదివేరు.

అక్కడ ఉన్నది అది కాదు.

కాగితం తలకిందులుగా ఉంది. నేనే తొందరలో అలా పెట్టేను. ఆయన దాన్ని తిప్పలేదు.

ఆ పిల్లకి ఏమీ అర్థం కాక, “సార్, అందులో నా పేరు కాదండీ ఉంది, మా క్లాస్‌మేట్ పేరండీ” అని ఆ రెండో పేరు చెప్పింది. ఆయన ఆ పేరు విని ఒక్క క్షణం ఆగేరు. ఏదో లెక్క వేసుకున్నట్టు. తర్వాత కాగితం కౌంటరు మీద పెట్టి, అంచులు సరిచేసి, నా గొంతు వచ్చిన వైపు తిరిగేరు.

“నాకు కనపడదండీ, మేడమ్ గారూ” అన్నారు. “నాలుగేళ్ళయిందండీ. ముందు రేచీకటి. తర్వాత పక్క చూపు పోయింది. ఇప్పుడు వెలుతురు ఎటుందో తెలుస్తుందండీ, అంతే.”

కిటికీ వైపు మొహం పెట్టి కూచోవడం ఎందుకో అప్పుడు తెలిసింది. ఆ చప్పుళ్ళెందుకో, పక్కన అటెండరమ్మ ఎందుకో, బస్టాపు నుంచి ఇద్దరూ కలిసి ఎందుకు నడిచేవారో. ఒకదాని వెనక ఒకటి, చెంపల మీద కొడుతున్నట్టు. ఆయన కళ్ళు ఒకదాన్ని చెరిపించేను, ఒకదాన్ని లైబ్రరీకి పంపించేను.

వరసలో ఎవరో సెల్‌ఫోను తీసి ఫొటో తియ్యబోతే వెనకవాడు లాక్కున్నాడు. ఆ పిల్ల గడియారం చూసుకుంటోంది. ఏదో ఒకటి చెయ్యాలి గదా. లోపలికెళ్ళి ఆయన కుర్చీలో నేను కూచున్నాను. ఆయన లేచి గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఆ పిల్ల పాత నంబరు కొట్టేను.

తెర మీద ఆ పిల్ల పేరు రాలేదు. క్లాస్‌మేట్ పేరొచ్చింది.

మళ్ళీ కొట్టేను. మళ్ళీ అదే. నా కళ్ళు బాగానే ఉన్నాయి. నంబరు సరిగ్గానే ఉంది. ఆయనా సరిగ్గానే కొట్టేరన్నమాట. తప్పు ప్రోగ్రాంలో ఉంది. ఏ వరసలో ఉందో కూడా నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఎందుకంటే ఆ వరస రాసింది నేను.

ఇప్పుడు చెప్పేది వినండి. నేను నోరు విప్పలేదు. ఆ పిల్ల నంబరు కంటే ఒకటి తక్కువ కొట్టేను. సరైన పేరు వచ్చింది. ప్రింటు తీసి, ముద్ర వేసి ఇచ్చేను. “పరుగెత్తమ్మా, బస్సు అందుకో” అన్నాను. పైథాన్ మాస్టారు ఆ అమ్మాయిని బండి మీద బస్టాండులో దింపి వచ్చేరు. సాయంత్రం ఫోన్ చేసింది, సమయానికి అందుకున్నానండీ అని. ఆ సంగతి మటుకు బాగా ముగిసింది.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారు మమ్మల్నిద్దర్నీ పిలిచేరు. కబురు అప్పటికే కాలేజీ అంతా పాకింది. ఆయన మంచివారే. కానీ ఆ రోజు భయపడిపోయి ఉన్నారు.

“ఎన్ని సర్టిఫికెట్లు ఇలా వెళ్ళేయండీ? నాలుగేళ్ళు మా అందర్నీ మోసం చేసేరా మీరు? కళ్ళు కనపడని మనిషిని పరీక్షల విభాగంలో ఎలా ఉంచమంటారు? ఇవాళ్టి తప్పుకి ఎవరిది బాధ్యత?”

సూపరింటెండెంటుగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. కొంచెంసేపు ఆగేరు. చాలా సేపే ఆగేరనిపించింది నాకు. తర్వాత, “తప్పు నాదేనండీ” అన్నారు.

నేను పక్కనే ఉన్నాను. ‘కాదండీ, నాది’ అన్న మాట గొంతు దాకా వచ్చింది. కొత్త ప్రోగ్రాం మొదలైన రోజునే, మూడో సర్టిఫికెట్‌కే తప్పని ఒప్పుకోవాలి. మీటింగులో ముప్పావు గంట మాట్లాడినదాన్ని. నా తప్పు దానంతటదే వెళ్ళి ఇంకొకరి మీద పడింది, అందరూ నమ్మేరు కూడా. నేను నేల చూపులు చూసేను. ప్రిన్సిపాల్ గారు సోమవారం మాట్లాడదామన్నారు. మేం బయటికి వచ్చేం. ఆయన గోడ పట్టుకుని నడుచుకుంటూ మెట్లు దిగేరు. మొదటిసారి ఎవరి ముందూ దాచకుండా గోడ పట్టుకున్నారు. నేను అక్కడే నిలబడిపోయేను.

నేనలాంటి మనిషినని నాకు తెలీదు. అదీ నాకు తగిలిన దెబ్బ. ఆయనకి చూపు లేదని తెలిసినప్పటి దెబ్బ కంటే అది గట్టిగా తగిలింది.

ఆదివారం ఆరాధన అయ్యేక చర్చి గేటు దగ్గర అటెండరమ్మ నా కోసం కాసుకుని ఉంది.

“మేడమ్ గారండీ, మీరు తప్పుగా అనుకోకండి. సూపరింటెండెంటుగారు తన రాజీనామా నాతో రాయించేరండి. రేపు ఇచ్చేస్తారంట. నేను రాసేనండి గానీ చెయ్యి ఆడలేదండి.”

“ఆయన చూపు సంగతి నీకు నాలుగేళ్ళుగా తెలుసా?”

“ఆయ్. మొదట నేనే కనిపెట్టేనండి. ఒకరోజు మంచినీళ్ళ గ్లాసు అందిస్తే చెయ్యి వేరే చోట పెట్టేరండి. ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నారు. మా పిల్లకి ఫీజు రాయితీ దరఖాస్తు ఆయనే పెట్టించేరండి, అది నర్సింగు పూర్తి చేసిందంటే ఆయన చలవేనండి. నా గురించి ఏం అనుకుంటున్నారో నాకు తెలుసండి. అనుకోనీలెండి అనుకున్నాను.”

అక్కణ్ణుంచి స్కూటరు ఇంటికి తిప్పకుండా కొత్తపేట రోడ్డు పట్టేను.

కాలవ గట్టు మీద పెంకుటిల్లు. స్కూటరు ఆపగానే వసారాలోంచి ఆయన గొంతు వినపడింది. “మేడమ్ గారా? రండి రండి. మీ స్కూటరు బ్రేకు కీచుమంటుందండీ, చూపించుకోవాలి.” ఆయన భార్య కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, నా మొహంలోకి చూసి లోపలికి వెళ్ళిపోయింది. సొంతింట్లో ఆయన దేన్నీ ముట్టుకోకుండా నడుస్తున్నారు. అలా వచ్చి నా ఎదురుగా కూచున్నారు.

“ఏవండీ, నిన్న తప్పు మీది కాదు” అన్నాను. “నాది. పాత విద్యార్థుల జాబితాకి…”

“ఒకటి తగ్గించడం మర్చిపోయేరు” అన్నారు.

“మీకెలా తెలిసిందండీ?” అన్నాను.

“ఆ పిల్ల రెండో పేరు చెప్పింది గదండీ. ఆ బ్యాచిలో ఈ పిల్లది రెండువందల పన్నెండు. రెండో పేరు రెండువందల పదమూడు. ఇరవై ఏళ్ళ జాబితాలూ నాకు నోటికొచ్చండీ, చూపు పోతోందని తెలిసినప్పట్నించీ కూచుని బట్టీ పట్టేను. సరిగ్గా పక్క పేరే వచ్చిందంటే ఇంకేంటండీ? సున్నా గొడవే.”

“మరి ప్రిన్సిపాల్ గారి దగ్గర తప్పు నాదేనని ఎందుకన్నారండీ?”

తోటలో ఎక్కడో కొబ్బరి కమ్మ ఊడి పడిన చప్పుడైంది. ఆయన అటు చెవి తిప్పి, మళ్ళీ ఇటు తిరిగేరు.

“మీరు చెప్తారేమోనని చూసేనండీ” అన్నారు. “కొంచెంసేపు ఆగేను కూడా. మీరు చెప్పలేదు. అప్పుడు నేను చెప్పేసేను. ఎవరో ఒకరు చెప్పాలి కదండీ, ఆయన అడుగుతున్నారు.”

ఏడ్చేను. ఎందుకు దాస్తాను? ఆయన ఓదార్చలేదు. అలా అని విసుక్కోలేదు. ఏడుపు ఆగేదాకా కూచున్నారు.

“నాలుగేళ్ళు రోజూ నాతో వాదించేరు. ఒక్కసారి నాకు చెప్పొచ్చు కదండీ, ఆ ప్రోగ్రాం ఎందుకు వదలరో” అన్నాను. అడుగుతున్నప్పుడే అది ఎంత అన్యాయమైన ప్రశ్నో తెలుస్తోంది.

“మీరు అడిగితే చెప్పేవాణ్ణేమోనండీ. తెలీదు. భయం ఉండేది గదా. కానీ మీరు ఎప్పుడూ ఎందుకని అడగలేదండీ. తప్పని చెప్పేవారు.”

ఆ మాట ఆయన కోపంగా అని ఉంటే బాగుండేది.

సోమవారం పొద్దున్నే, ఆయన రాజీనామా జేబులోంచి తియ్యకముందే, నేను ప్రిన్సిపాల్ గారి గదిలోకెళ్ళి మొత్తం చెప్పేను. తప్పు ఏ వరసలో ఉందో కాగితం మీద వేసి చూపించేను. శనివారమే తెలిసి ఊరుకున్నానని కూడా చెప్పేను. ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి, నన్ను అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూసేరు.

“మీరా మేడమ్?” అన్నారు. అంతే. ఆ రెండు మాటలు తర్వాత వచ్చిన మెమో కంటే ఎక్కువ బాధపెట్టేయి. మెమో నా ఫైల్లోకి వెళ్ళింది. ల్యాబు బాధ్యత ఏడాది పాటు నా దగ్గర లేదు. న్యాయమే.

ఉద్యోగంలో ఉండగా చూపు పోయిన మనిషిని పంపించెయ్యకూడదని చట్టముంది. ఆ సంగతి ఆయనకీ తెలీదు, మాకెవరికీ తెలీదు. అటెండరమ్మ కూతురు ఆస్పత్రిలో అడిగి తెలుసుకుని వచ్చింది. డాక్టరు సర్టిఫికెట్ తెచ్చుకున్నాక ప్రిన్సిపాల్ గారు రాజీనామా చించేశారు. అటెండరమ్మ లైబ్రరీ నుంచి వెనక్కి వచ్చింది. నేను పాత డిస్కు సంగతి తలుచుకుని కుమిలిపోతుంటే, పైథాన్ మాస్టారు బీరువాలోంచి అది తీసి బల్ల మీద పెట్టేరు.

“చెరిపెయ్యమన్నారు గానీ, ఇరవై ఏళ్ళ పని కదండీ. మనసొప్పలేదు మేడమ్” అన్నారు. నా మాట వినకపోవడం అనే మంచిపని ఆ కాలేజీలో చేసిన ఒకే ఒక్క మనిషి ఆయన.

ఆ డిస్కులో ఉన్న ప్రోగ్రాంని నేను మొదటిసారి వరస వరసా చదివేను. ఒక్కో గడికీ ఒక్కో చప్పుడు, ఏ చప్పుడు ఎందుకో పక్కన తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న గుర్తులు. మనుషులు వాడుకోవడానికి వీలుగా తెరలు ఎలా తయారుచెయ్యాలో పదిహేనేళ్ళు పాఠం చెప్పేను. అంత చక్కగా ఆలోచించి చేసిన తెర ఒకటి నాకు నాలుగు గదుల అవతలే ఉంది. దాన్ని బొమ్మ అన్నాను.

కొత్త ప్రోగ్రాంకి చప్పుళ్ళు పెడదామని, పైకి చదివి వినిపించే ఏర్పాటు కూడా చేద్దామని పైథాన్ మాస్టారూ నేనూ అనుకున్నాం. మా తెలివితో ఒక వారం చేసి, ఆయన్ని పిలిచేం. ఆయన పది నిమిషాలు వాడి, చెవుల మీంచి హెడ్‌ఫోను తీసేశారు.

“బానే ఉందండీ. కానీ ఇది కళ్ళున్నవాళ్ళు చేసినట్టుందండీ” అన్నారు.

“ఏం మార్చమంటారో చెప్పండి.”

“చెప్తే తెలీదండీ. మీరు కూచోండి.”

నన్ను తన కుర్చీలో కూచోబెట్టేరు. హెడ్‌ఫోను నా చెవులకి పెట్టేరు. తడుముకుని, తెర వెనకాల ఉన్న స్విచ్చి ఆపేసేరు. నా ప్రోగ్రాం. ప్రతి గడీ నేను దగ్గరుండి పెట్టించిందే. ఎదురుగా నల్లటి అద్దం, అందులో నా మొహం.

“ఒక్క సర్టిఫికెట్ తియ్యండి. ఎవరిదైనా సరే.”

ఐదు నిమిషాలయింది. ఎక్కడున్నానో తెలీలేదు. ఏదో నొక్కేను, ఏదో గొంతు ఏదో అంది, అది దేని గురించో తెలీలేదు. ఇంకేదో నొక్కేను. అంతా చెరిగిపోయిందేమో అనుకున్నాను. చేతులు కీబోర్డు మీంచి తీసేసేను. చెప్తే నవ్వుతారు గానీ, నడి గోదాట్లో పడవలోంచి జారినట్టుంది నాకు.

“ఏం కనపడుతోందండీ?” అన్నారు ఆయన, నా భుజం వెనకనుంచి.

“ఏమీ లేదండీ.”

“ఆయ్. నాకూ అంతేనండీ.” ఆయన చెయ్యి నా చేతిని వెతుక్కుని, పట్టుకుని, కీబోర్డు ఎడమ అంచుకి చేర్చింది. “కంగారు పడకండి. ముందు ట్యాబ్ ఒకసారి నొక్కి, ఏం చెప్తుందో వినండి.”